నా పేరు మీద నడిచిన వ్యాను

కారు ఇన్సూరెన్సు గడువు ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా కాగితం వచ్చింది. నిరుడు ఎనిమిది వేల చిల్లర కట్టాను. ఈసారి పద్నాలుగు వేల ఆరువందలు కట్టమని ఉంది. కింద చిన్న అక్షరాల్లో కారణం కూడా రాశారు. డ్రైవింగ్ స్కోరు నూటికి ముప్పై ఎనిమిది. ప్రమాదకర డ్రైవరు.

నేను కారు బయటికి తీసేది వారానికి రెండుసార్లు. ఆదివారం చర్చికి, బుధవారం నెల్లూరుకు. నలభై దాటితే నాకే గుండె దడ. ఇందుకూరుపేట రోడ్డులో రొయ్యల మేత లారీలు నా వెనక హారన్ కొట్టీ కొట్టీ విసిగి, పక్కనుంచి దాటిపోతూ నా వంక జాలిగా చూస్తాయి. అలాంటి నన్ను ప్రమాదకర డ్రైవరు అన్నవాళ్ళు ఎవరో తెలుసుకోవాలనిపించింది.

ఈ మార్కుల సంగతి మొదలుపెట్టింది నా భార్య కరుణాకుమారి. ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. కారు ఆమెదే, నడిపేదీ ఆమే. నాలుగేళ్ళ కిందట కంపెనీవాళ్ళు, ఫోనులో మా యాప్ పెట్టుకోండి, మీరు ఎలా నడుపుతున్నారో అదే చూసుకుంటుంది, బాగా నడిపేవాళ్ళకు ప్రీమియం తగ్గిస్తాం అన్నారు. పెట్టుకుంది. ప్రతి సోమవారం పొద్దున మార్కులు వచ్చేవి. ఎప్పుడు చూసినా తొంభై రెండు, తొంభై నాలుగు. ఒక వారం ఆమెకు జ్వరం వస్తే నేను నడిపాను, ఫోను మాత్రం ఆమెదే జేబులో పెట్టుకున్నాను. డెబ్బై ఒకటి వచ్చింది.

"ఫిజిక్స్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు చేసినారు. బ్రేకు మీద కాలు ఎట్ట పెట్టాలో తెలియకపాయె" అంది. నెలరోజుల పాటు ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ డెబ్బై ఒకటి చెప్పింది.

ఆమె పోయి రెండేళ్ళయింది. కారు, పాలసీ నా పేరు మీదికి మార్పించుకున్నాను. నా ఫోనులో ఆ యాప్ లేదు. యాప్ లేకపోతే మార్కులూ ఉండవనుకున్నాను.

కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. తెలుగుకు రెండు నొక్కమంది, నొక్కాను. పాలసీకి మూడు నొక్కమంది, అదీ నొక్కాను. పావుగంట సంగీతం విన్న తర్వాత ఒక అబ్బాయి వచ్చి, "సార్, మీ రిజిస్టర్డ్ నంబరుకు ఓటీపీ పంపినాం, చెప్పండి" అన్నాడు. నా ఫోనులో ఏమీ రాలేదు. చివరి నాలుగు అంకెలు చదవమన్నాను. చదివాడు. అది కరుణ నంబరు. అన్నీ మార్చాను కానీ నంబరు మార్చడం మరిచిపోయాను.

ఆ ఫోను ఇప్పుడు మస్తానమ్మ దగ్గర ఉంది. కరుణ మంచాన పడిన ఏడు నెలలూ ఆమెకు నీళ్ళు పోసింది, తల దువ్వింది మస్తానమ్మే. అంతా అయిపోయాక బంధువులు చీరలు పంచుకున్నారు. మస్తానమ్మ ఏదీ అడగలేదు. బీరువాలో ఫోను కనబడింది, పది రోజుల ముందే ఏడాదికి రీచార్జి చేయించి ఉంది. సిమ్ముతో సహా ఆమె చేతిలో పెట్టాను. మేము ఇచ్చేది అలాగే ఇస్తాం, లోపల ఏముందో చూడం. గడువైపోయాక ఆమే రీచార్జి చేయించుకుంటూ అదే నంబరు వాడుకుంటోంది.

ఓటీపీ కోసం ఆమెకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆమెది. గేటు దగ్గరే ఫోన్లు పెట్టెలో వేయించుకుంటారు, మధ్యాహ్నం అన్నానికే ఇస్తారు. ఒంటిగంటకు ఆమె ఫోన్ చేసి అంకెలు చదివేసరికి వాటి గడువు తీరిపోయి మూడున్నర గంటలు. మరునాడు ఒంటిగంటకు సరిగ్గా కూర్చున్నాను. కంపెనీ లైను దొరికేసరికి ఆమె అన్నం టైము అయిపోయింది. మూడోరోజు అన్నీ కుదిరాయి. అంకెలు చెప్పాను. ఆ అబ్బాయి సంతోషించి, వివరాలు బ్రాంచిలో మాత్రమే చూపిస్తారని చెప్పాడు.

గడువు ఇంకా ఆరు రోజులు.

నెల్లూరు బ్రాంచిలో అనూష అనే అమ్మాయి కూర్చుని ఉంది. నా కోపం చూసి ముందు ఫ్యాను కిందికి కుర్చీ జరిపింది. ఎండలో వచ్చానని మంచినీళ్ళు తెప్పించింది. ఆ గ్లాసుతోనే నా కోపం సగం పోయింది. పోయిన సగం ఆమె కంప్యూటరు చూశాక మళ్ళీ వచ్చింది.

"సార్, తెల్లారుజామున నాలుగు నలభైకి రోజూ ఎక్కడికి సార్? డెబ్బై, ఎనభై స్పీడు. నడుపుతా ఫోన్లో మాట్లాడతా ఉండారు. గట్టి బ్రేకులు రెండు వందల పన్నెండు."

"ఆ టైముకు నేను నిద్రపోతుంటానమ్మా."

"సిస్టమ్‌లో లేచే ఉండారు సార్."

"నాకు అరవై ఆరేళ్ళు."

"అది కూడా చూస్తది సార్" అంది, కొంచెం మొహమాటంగా.

మ్యాపు చూపించమన్నాను. మైపాడు రోడ్డులో ఒక కాలనీ దగ్గర గీత మొదలైంది. నాలుగు చోట్ల ఆగి, తోటపల్లి గూడూరు వైపు తిరిగి, ఒక గేటు దగ్గర ముగిసింది. ఆ కాలనీ నాకు తెలుసు. గేటూ తెలుసు. మస్తానమ్మ నిరుడు జూన్‌లో ఆ షెడ్డులో చేరింది. షెడ్డు వ్యాను తెల్లవారకముందే ఆడవాళ్ళను ఎక్కించుకుని పోతుంది. ఆమె ఒడిలో కరుణ ఫోను, ఫోనులో కరుణ పెట్టిన యాప్. ఎవరు నడుపుతున్నారో దానికేం తెలుసు. కదిలితే రాసుకుంటుంది.

ల్యాబ్‌లో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. కొలత తప్పు కాదురా, మీరు కొలిచిన వస్తువు వేరు అని. ఇప్పుడు ఆ వస్తువు స్థానంలో నేనున్నాను.

అనూష ఇంకా కిందికి జరుపుతోంది. నెలకో ఆదివారం సాయంత్రం ఒక చిన్న గీత కనబడింది. ఏ ఆటోనో అయి ఉండాలి. కాలనీ నుంచి బయల్దేరి మా చర్చి సమాధుల తోట దగ్గర ఆగి, అరగంట తర్వాత వెనక్కి వెళ్ళింది. మస్తానమ్మ ఎప్పుడూ ఆ మాట నాతో అనలేదు. "చాలమ్మా, మూసెయ్" అన్నాను. నాకు చెప్పని సంగతి ఒక ఇన్సూరెన్సు కంపెనీకి తెలిసి ఉండడం, వాళ్ళు దాన్ని కూడా నా రేటులో కలుపుకుని ఉండడం తలుచుకుంటే ఒళ్ళు మండింది.

జరిగిందంతా చెప్పాను. అనూష నవ్వలేదు. "దీనికి అభ్యంతరం ఫారం ఉంది సార్. ఫోను వాడే ఆమె పేరు, ఆధారు, ఎక్కడ పనిచేస్తదో రాసి సంతకం పెట్టించండి. మేము ఆ వ్యాను రికార్డంతా తుడిచేస్తాం. పాత రేటే వస్తది" అంది.

ఫారం తీసుకుని ఆ సాయంత్రమే కాలనీకి వెళ్ళాను. మస్తానమ్మ గుమ్మంలో కూర్చుని వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటోంది. ఐసు నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. విషయం చెప్పగానే బెదిరింది.

"నేనేం నొక్కలా సార్. సిస్టరమ్మ ఎట్ట పెట్టిందో అట్టనే ఉండాది."

"నిన్నేమీ అనడం లేదు మస్తానమ్మా. ఒక్క సంతకం కావాలి, అంతే."

"షెడ్డు పేరు ఎందుకంట ఇందులో?"

"వాళ్ళు అడిగారు."

"షెడ్డుకు ఫోన్ చేస్తారా?"

చేస్తారేమో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

పక్క గుమ్మంలోంచి ఒకామె ఇదంతా వింటోంది. ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. ఏసుమణి అట, అదే వ్యానులో వెళ్ళేది. ఫిబ్రవరి పదకొండున వ్యాను డ్రైవరు మునెయ్య గేదె అడ్డం వచ్చిందని బ్రేకు వేస్తే ముందు సీటు ఇనప కమ్మీకి కొట్టుకుని భుజం దగ్గర ఎముక విరిగింది. రెండు నెలలుగా పని లేదు. ఆసుపత్రి ఖర్చు షెడ్డు పెట్టుకోవాలి. పెట్టుకోలేదు.

"మేనేజరు నరేంద్రబాబు నేను ఇంట్లో జారి పడ్డానని రాసుకున్నాడు సార్" అంది ఏసుమణి. "వ్యానులో పంతొమ్మిదిమంది చూసినారు. ఎవరు నోరు తెరుస్తారు? తెరిస్తే రేపు వ్యాను వాళ్ళ ఇంటి ముందు ఆగదు."

"మునెయ్యేం చేస్తాడులే" అంది మస్తానమ్మ. "ఆరు లోపల రెండు ట్రిప్పులు ఎయ్యాలంట. ఆయనకూ పెళ్ళాం బిడ్డలుండారు." అని నా వైపు తిరిగింది. "సార్, ఆ ఫోనులో అన్ని రోజులూ ఉండాయి అంటిరే. ఆ రోజు కూడా ఉంటదా?"

ఆమె ఫోను తీసుకుని యాప్‌లో వెతికాను. ఉంది. ఫిబ్రవరి పదకొండు, నాలుగూ యాభై రెండు. డెబ్బై ఆరు కిలోమీటర్ల వేగం మూడు సెకన్లలో సున్నా. ఎర్ర చుక్క. లెక్క కట్టక్కర్లేకుండానే తెలిసింది, ఆ బ్రేకుకు ఒంటిచేత్తో కమ్మీ పట్టుకున్న మనిషి నిలవలేదు.

ఏసుమణి ఫోను తీసుకుని ఆ చుక్కను చూసింది. వేలితో తాకింది. "ఇదేనా?" అంది. రెండు నెలల్లో ఆమె మాటకు సాక్ష్యం చెప్పింది అదొక్కటే.

"దీన్ని ముద్రేసి ఇస్తారా సార్ ఆఫీసులో? ఫోను చూపిస్తే నరేంద్రబాబు మేమే ఏదో బొమ్మ గీసినామంటాడు" అంది మస్తానమ్మ.

అడుగుతానన్నాను. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. సంతకం పెట్టించలేదు.

మర్నాడు అనూషకు ఫోన్ చేశాను. ముందు ముద్ర వేసిన కాగితం తీసుకుని, తర్వాత అభ్యంతరం పెడతానన్నాను.

"కుదరదు సార్. ముద్రేస్తే ఆ రికార్డు సరైందేనని మేము ఒప్పుకున్నట్టు. అభ్యంతరం లేదని మీరు కూడా సంతకం పెట్టాల. తర్వాత తుడవడానికి లేదు."

"తుడిచేస్తే?"

"తుడిచేస్తే ఎక్కడా ఉండదు సార్. ఆమె ఫోన్లో కూడా."

ఆ తర్వాత రెండు రోజులూ ఇంట్లో నాకు నేనే గొణుక్కుంటూ తిరిగాను. నేను నడపని బండికి నేనెందుకు కట్టాలి. నాకు ఏసుమణి ఎవరు. నరేంద్రబాబు రాసిన అబద్ధానికి, మునెయ్య వేసిన బ్రేకుకు, ఒక కంపెనీ గుడ్డితనానికి అన్నిటికీ కలిపి బిల్లు నాకెందుకు వచ్చింది. ఆరు వేల తేడాతో నేను చితికిపోను. కానీ ప్రమాదకర డ్రైవరు అన్న మాట ముల్లులా గుచ్చుకుంటోంది. అంతకంటే ఎక్కువ గుచ్చుకుంటున్నది ఇంకొకటి. ఆ ముప్పై ఎనిమిది పడింది కరుణ నంబరు మీద. ఆ నంబరు చరిత్ర అంతా పైన ఉంది, నాలుగేళ్ళ నుంచీ. తొంభై నాలుగు, తొంభై రెండు, తొంభై నాలుగు. తుడిపిస్తే వ్యాను మరక పోయి ఆమె మార్కులు ఆమెకు మిగులుతాయి. తుడిపించకపోతే ఆమె వరస కింద ఎర్ర చుక్కలు అలాగే ఉంటాయి.

కరుణ ఉంటే ఏమనేదో ఆలోచించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆమె ఎముకలు కట్టే వార్డులో పదకొండేళ్ళు చేసింది. అది తెలిసే కొంచెం చిరాకు పడ్డాను.

గడువుకు ముందురోజు నెల్లూరు వెళ్ళి, అభ్యంతరం లేదని సంతకం పెట్టి, పద్నాలుగు వేల ఆరువందలు కట్టాను. అనూష ఫిబ్రవరి పదకొండు పేజీ తీసి అన్నిటికంటే పైన పెట్టింది. ముద్ర వేసింది. కాసేపు చూసి, పక్కన ఇంకొకటి వేసింది.

"రెండు చోట్ల వేసినా సార్. చేతులు మారతా ఒకటి చెరిగినా ఇంకోటి ఉంటది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు నడపలేదని నాకు తెలుసు సార్. తెలిసినట్టు రాయడానికే చోటు లేదు ఇందులో."

అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకు పోయాను. బయట ఐసు లారీ ఖాళీ అవుతోంది. గేటు దాటగానే ముక్కు పుటాలు అదిరే రొయ్య వాసన. నరేంద్రబాబు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ చెప్పించాడు. కాగితం అందుకుని మొదటి పేజీ చదివాడు.

"ఇందులో డ్రైవరు జయకుమార్ అని ఉందే. అంటే మీరేగా సార్?"

"నేనే."

"మీరు బ్రేకేస్తే మా వ్యానుకు ఏం సంబంధం?"

"ఆ రోజు నాలుగూ యాభై రెండుకు దారిలో బ్రేకు, అయిదూ నాలుగుకు మీ గేటు దగ్గర ఆగినట్టు ఉంది. నేనే వచ్చి ఉంటే మీ వాచ్‌మన్ పుస్తకంలో నా కారు నంబరు ఉండాలి. చూడండి."

ఆయన చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ చూశాడు, అతణ్ణి ఎవరూ అడగకుండానే. ఆ నిమిషానికి పుస్తకంలో ఉన్నది వ్యాను ఒక్కటే.

"అట్టయితే ఇన్సూరెన్సు వాళ్ళకు అబద్ధం చెప్పినారా మీరు?" అన్నాడు నరేంద్రబాబు, నవ్వుతూనే.

"నేనేమీ చెప్పలేదు బాబూ. వాళ్ళే చెప్పారు. కాదని చెప్పీ చెప్పీ అలసిపోయి నేను మానేశాను."

"ఫోను ఎవరి చేతిలో ఉండింది?"

"నంబరు నా భార్యది. పేరు అక్కడే ఉంది చూడండి."

"సిస్టరమ్మ నాకూ తెలుసు. పోయి రెండేళ్ళాయె కదా సార్."

"అవును."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను టీ తాగాను. అప్పుడు తట్టింది, ఆ కట్టలో ఏ పేజీలోనూ మస్తానమ్మ పేరు లేదని. ఆ ఫారం నింపి ఉంటే ఆమె పేరు, ఆధారు, షెడ్డు అడ్రసు అన్నీ ఉండేవి. ఇన్సూరెన్సు కంపెనీ చేసిన తప్పు అంతా నా ఒక్కడి పేరు మీదే ఉండబట్టి ఆమె దాని వెనక దాక్కోగలిగింది. ఇంత విసుగులోనూ అది మాత్రం బాగుందనిపించింది.

"ఓనరుతో మాట్లాడతా" అన్నాడు చివరికి.

"ఇంకో కాపీ లేబర్ ఆఫీసులో ఇవ్వనా, మీరు మాట్లాడేదాకా ఆగనా?"

"ఆగండి సార్. టీ ఇంకొంచెం పొయ్యమంటారా?"

పన్నెండు రోజుల తర్వాత ఏసుమణి ఆసుపత్రి బిల్లు కట్టారు. రెండు నెలల కూలి మాత్రం ఇవ్వలేదు. దానికోసం లేబర్ ఆఫీసుకు కాగితం పెట్టాం, ఇంకా పిలవలేదు. పిలిచేదాకా నెలకోసారి వెళ్ళి అడుగుతూ ఉంటాను. మొదటి ట్రిప్పు ఇరవై నిమిషాలు ముందుకు జరిపారట. నిద్ర తగ్గిందని ఆడవాళ్ళు తిట్టుకుంటున్నారు, వ్యాను నెమ్మదిగా పోతోందని కూడా చెప్పుకుంటున్నారు.

నేను మస్తానమ్మ ఇంటికి వెళ్ళి, ఇక ఆ యాప్ తీసేద్దాం ఫోను ఇటివ్వమన్నాను. ఆమె ఫోను కొంగు కిందికి పెట్టుకుంది.

"ఉండనీ సార్."

"ఉంటే వచ్చే ఏడాది కూడా నాకే పడుతుంది మస్తానమ్మా."

"మునెయ్యకు చెప్పినాం సార్, ఈ వ్యానులో ఏదో ఒకటి అంతా రాసుకుంటా ఉందని. ఎవరి ఫోనో చెప్పలా. అద్దంలో మా అందరి ఒళ్ళో ఫోన్లూ చూసుకుంటా నడుపుతా ఉండాడు. తీసేసినామని తెలిస్తే మళ్ళా మొదలు."

"నా మార్కుల సంగతి?"

"మీరు కారు తీసేదే వారానికి రెండుసార్లు కదా సార్" అంది, అదేదో నాకు తెలియని విషయం చెబుతున్నట్టు.

ఇంటికి వచ్చేశాను. దారంతా నలభై మీదే నడిపాను. వెనక లారీ హారన్ కొట్టింది.

మొన్న సోమవారం ఒంటిగంట దాటాక ఫోన్ మోగింది. షెడ్డులో అన్నం టైము. వెనక ఆడవాళ్ళ మాటలు, గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి. మెసేజి ఏదో వచ్చిందని, ఏసుమణి కూతురు నేర్పిన చదువుతో కూడబలుక్కుంటూ చదివింది మస్తానమ్మ.

"సార్, అరవై మూడంట ఈ వారం. మీరు బాగా నడుపుతా ఉండారని కంపెనీవాళ్ళు మెచ్చుకుంటా ఉండారు."

"ఇంకేమైనా రాశారా?"

"బ్రేకు ఇంకా మెల్లగా ఎయ్యాలంట."